పదహారేళ్ళ మా వాడు బండితో దొరికాడు, తప్పు ఇంట్లోదా ఫ్రెండ్స్‌దా?

కృష్ణలంక_శ్రీదేవి
మొన్న సాయంత్రం ట్రాఫిక్ పోలీసుల నుంచి ఫోన్, మీ అబ్బాయి బెంజ్ సర్కిల్ దగ్గర ట్రిపుల్స్ వెళ్తూ దొరికాడు, వచ్చి తీసుకెళ్ళండి అని. మా వాడు ఇంటర్ ఫస్టియర్, డే స్కాలరే, ట్యూషన్లో ఉన్నాడనుకుంటున్నా నేను. తీరా వెళ్తే బండి మాదే, నంబర్ ప్లేటు పైకి వంచేసి ఉంది, నడిపింది కూడా మా వాడే. వెనక కూర్చున్న ఇద్దరూ క్లాస్‌మేట్లు. వాళ్ళతో తిరగడం మొదలయ్యాకే వీడు మారాడు, జుట్టు, మాటతీరు, మార్కులు అన్నీ. వాళ్ళని నాలుగు కడుగుదామని వెళ్తే అందులో ఒకడి నాన్న నాకంటే ముందే అందుకున్నాడు, "మీ వాడి వల్లే మా వాడు పాడయ్యాడు, మా వాడికి గేర్లు వేయడం కూడా రాదు" అని, అందరి ముందూ. ఒళ్ళు మండిపోయింది. మా ఆయన ఫోన్ లాక్కుని ఆ ఇద్దరితో కట్ చేయించాలంటారు, మా అత్తగారేమో తల్లి గట్టిగా ఉంటే ఇవన్నీ ఎందుకు జరుగుతాయి అంటారు. వాడు నోరు విప్పడం లేదు. ఈ వయసు పిల్లల మీద అసలు ఎవరి ప్రభావం ఎక్కువండీ, మనదా స్నేహితులదా? మీ ఇళ్ళల్లో ఏం జరిగిందో చెప్పండి, నీతులు మాత్రం వద్దు, అవి ఇంట్లో సరిపడా ఉన్నాయి.

నిమ్మకాయ_సోడా
మీ అత్తగారూ మా అత్తగారూ ఒకే కాలేజీలో చదివారనుకుంటా.

కర్నూలు_కాకా
ఇందులో అడిగేదేముందమ్మా, నాలుగు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి. మా కాలంలో నాయన ఇంట్లోకి వస్తే మేం లేచి నిలబడేవాళ్ళం. ఇప్పుడు నాయన వస్తే వాడు ఇయర్‌ఫోన్స్ కూడా తీయడు. భయం పోయింది, అంతే.

ఓరుగల్లు_పోరడు
కాకా, మా నాయిన బెల్టుతోని కొట్టేటోడు. నేనేం బాగుపడలే, అబద్ధాలు మాత్రం మస్తు నేర్చుకున్న. ఏ అబద్ధం ఎవరికి చెప్పిన్నో గుర్తుపెట్టుకునుట్ల ఎంసెట్ ర్యాంకు కొట్టేటంత మెమరీ వచ్చింది, ర్యాంకు మాత్రం రాలే 😀

కర్నూలు_కాకా
@ఓరుగల్లు_పోరడు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నావా లేదా? చేస్తున్నావు కదా. అయితే బెల్టు పని చేసినట్టే.

తెనాలి_మాస్టారు
శ్రీదేవి గారూ, ఒక ప్రశ్న. ఏమనుకోకండి. మీ అబ్బాయికి బండి నేర్పింది ఎవరు?

కృష్ణలంక_శ్రీదేవి
మా మరిది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చెరువు గట్టు మీద నేర్పాడు, అప్పుడు వాడు నైన్త్. ఊళ్ళో అందరు పిల్లలూ నేర్చుకునేదే కదండీ అది. తర్వాత ఇక్కడ పక్క వీధిలో పెరుగు ప్యాకెట్‌కో, మా చిన్నదాన్ని డాన్స్ క్లాసులో దింపడానికో స్కూటీ ఇచ్చేదాన్ని, మెయిన్ రోడ్డు ఎక్కొద్దని చెప్పే ఇచ్చేదాన్ని. దానికీ, నంబర్ ప్లేటు వంచుకుని ముగ్గురు తిరగడానికీ సంబంధం ఏంటి?

పెనమలూరు_పద్మ
పెరుగు ప్యాకెట్ అనగానే నవ్వొచ్చింది అండి, మా ఇంట్లో కొత్తిమీర కట్ట. మా వీధిలో ఏ అమ్మైనా సరే లైసెన్స్ లేని పిల్లాడితో ఒక్క సరుకూ తెప్పించలేదంటే దండం పెడతా.

లా_పాయింట్
సంబంధం చట్టంలో ఉంది మేడమ్. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అనే సెక్షన్ పెట్టారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే దోషి కింద లెక్క తల్లిదండ్రులో గార్డియనో, బండి ఓనరో. మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. మాకు తెలియకుండా తీసుకెళ్ళాడు, ఆపడానికి చేయాల్సిందంతా చేశాం అని నిరూపించుకుంటే బయటపడొచ్చు, కానీ నిరూపించుకోవాల్సింది మీరే. రోజూ పెరుగు తెప్పించాక ఆ మాట నిలబడదు. పైగా యాక్సిడెంట్ అయి ఎవరికైనా ఏమైనా అయితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి కట్టినా మళ్ళీ ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇల్లు అమ్ముకున్న వాళ్ళని చూశా.

కృష్ణలంక_శ్రీదేవి
పాతికేళ్ళదాకా లైసెన్స్ రాదా??

లా_పాయింట్
కేసు 199ఏ కింద నడిస్తే. చాలాచోట్ల మొదటిసారి తల్లిదండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చి, లైసెన్స్ లేకుండా నడిపినందుకు ఫైన్ వేసి పంపిస్తారు. మీకు ఏ సెక్షన్ రాశారో చలాన్లో ఉంటుంది, చూసుకోండి.

హాస్టల్_బాధితుడు
మా తమ్ముడిది బండి కాదు, సిగరెట్. ఇంట్లో అందరూ రూమ్మేట్లనే తిట్టారు. మా బాబాయ్ రోజుకి ఒక పెట్టె కాలుస్తాడు, అది ఎవరికీ గుర్తు రాలేదు, చిన్నప్పుడు అగ్గిపెట్టె తెచ్చిచ్చింది కూడా ఆ తమ్ముడే.

తెనాలి_మాస్టారు
ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అన్నారు కదా.

నిమ్మకాయ_సోడా
మాస్టారూ, నీతులు వద్దన్నారు ఆవిడ.

సైకాలజీ_స్వాతి
నేను కాలేజీ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తుంటాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి. శ్రీదేవి గారి ప్రశ్న చాలా పాత గొడవ. 1995లో జుడిత్ రిచ్ హారిస్ అనే అమెరికన్ ఆవిడ, పిల్లల వ్యక్తిత్వం తయారయ్యేది ఇంట్లో కాదు బయట తోటి పిల్లల మధ్య అని రాసి పెద్ద దుమారం లేపింది. చాలామంది సైకాలజిస్టులు ఒప్పుకోలేదు, ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. కానీ మీ కేసుకి దగ్గరగా ఉండే ప్రయోగం ఇంకోటుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అని ఇద్దరు కంప్యూటర్లో ఒక కారు గేమ్ ఆడించారు. పసుపు లైటు పడుతుంది, ఆగితే సేఫ్, ముందుకెళ్తే పాయింట్లు ఎక్కువ, కానీ ఎర్ర లైటు ఎప్పుడు పడుతుందో తెలీదు, పడితే కారు గుద్దుకుంటుంది, పాయింట్లు పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు టీనేజర్లకీ పెద్దవాళ్ళకీ పెద్ద తేడా లేదు. పక్కన ఫ్రెండ్స్ కూర్చుని చూస్తుంటే టీనేజర్లు తీసుకున్న రిస్కులు దాదాపు రెట్టింపు అయ్యాయి, పెద్దవాళ్ళలో మార్పే లేదు. ఆ ఫ్రెండ్స్ చెడ్డవాళ్ళేం కాదు, మామూలు పిల్లలే, ఊరికే పక్కన ఉన్నారు. కాబట్టి మీ వాడు ఒక్కడే వెళ్తే బుద్ధిగా హెల్మెట్ పెట్టుకుని వెళ్ళేవాడేమో, ఆ ఇద్దరు ఎక్కగానే ప్లేటు వంగింది. అలాగే ఆ ఇద్దరిలో ఎవరు హ్యాండిల్ పట్టుకుని మీ వాడు వెనక కూర్చున్నా అదే జరిగేది.

ఫ్రిస్కో_నాన్న
స్వాతి గారు చెప్పింది ఇక్కడ చట్టంలోనే ఉంది. మా టెక్సాస్‌లో 18 నిండని పిల్లలకి ఇచ్చే ప్రొవిజనల్ లైసెన్స్ మీద, ఇంట్లోవాళ్ళు కాకుండా 21 లోపు వయసున్న వాళ్ళని ఒకరికంటే ఎక్కువ ఎక్కించుకోకూడదు. అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా నడపకూడదు, ఉద్యోగమో స్కూలు పనో ఎమర్జెన్సీయో ఉంటే తప్ప. మా అమ్మాయి తీసుకున్నప్పుడు ఇదేం రూలు, ఎక్కువ మంది ఉంటే జాగ్రత్తగా నడుపుతారు కదా అనుకున్నా.

పానీపూరి_భయ్యా
మా దగ్గరా రూలుంది అన్నా, ఒక బండి మీద నలుగురు మించకూడదు.

కర్నూలు_కాకా
మళ్ళీ అమెరికా దిగింది. ఈడ రోడ్లెక్కడ, ఆ రూల్సెక్కడ.

ఫ్రిస్కో_నాన్న
కాకా గారూ, రూల్స్ సంగతి వదిలేయండి, ఇక్కడ మన తెలుగోళ్ళ వీకెండ్ పార్టీల సంగతి చెప్తా. గరాజ్‌లో అంకుల్స్ అందరూ గ్లాసులతో, పైన గేమ్ రూంలో పిల్లలు. పది దాటాక ఆ అంకులే కారు తీసి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్తాడు. సోమవారం మళ్ళీ వాళ్ళే మా పిల్లలు అమెరికన్ ఫ్రెండ్స్ వల్ల పాడైపోతున్నారు అంటారు. నేను ఈ మాట గ్రూపులో అన్నందుకు మమ్మల్ని రెండు పార్టీలకి పిలవలేదు.

తెనాలి_మాస్టారు
స్వాతి గారి గేమ్ బాగుంది కానీ నాదొక అభ్యంతరం. జూనియర్ కాలేజీల్లో పాతికేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. స్నేహితులు గాల్లోంచి ఊడిపడరు, మనవాడే వెతుక్కుని వాళ్ళ పక్కన కూర్చుంటాడు. అడ్మిషన్లు అయిన వారంలో వెనక బెంచీ తయారయిపోతుంది, ఎవరూ ఎవర్నీ లాగరు, ఒకళ్ళనొకళ్ళు వాసన పట్టేస్తారు. ఆ తర్వాత కలిసి ఇంకొంచెం ముదురుతారు, అది నిజం. అందుకని "వాడు చెడగొట్టాడు" అనే మాట నేనెప్పుడూ పూర్తిగా నమ్మను. ఇద్దరు తండ్రులు నా ఎదురుగానే కూర్చుని మీ వాడంటే మీ వాడని వాదించుకోవడం ప్రతి ఏడాదీ చూశాను. ఇంకో విషయం, మా యాజమాన్యం ఒక ఏడాది అల్లరి పిల్లలందర్నీ ఏరి ఒకే సెక్షన్‌లో వేసింది, మిగతావాళ్ళు చెడిపోకుండా అని. ఆ సెక్షన్లోకి వెళ్ళేటప్పుడు క్లాసులు ఎగ్గొట్టడం వరకే తెలిసిన పిల్లలు దసరా సెలవులనాటికి మిగతా విద్యలన్నీ నేర్చేశారు. ఆ సెక్షన్ క్లాస్ టీచర్‌గా నన్నే వేశారు, అది వేరే కథ.

సైకాలజీ_స్వాతి
మాస్టారూ, మీరన్న రెండూ పరిశోధనల్లోనూ ఉన్నాయి, తనలాంటి వాళ్ళని ఎంచుకోవడమూ, కలిశాక ఇంకా అలాగే తయారవడమూ. మీ సెక్షన్ లాంటి పని అమెరికాలో కూడా చేశారు. సమస్యలున్న పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పిన ప్రోగ్రాముల్లో కొన్ని పిల్లల్ని బాగుచేయకపోగా సిగరెట్లూ గొడవలూ పెంచాయని డిషన్ అనే ఆయన, తోటివాళ్ళు 1999లో రాశారు. ఒకడు వెధవ పని గురించి చెప్తే మిగతావాళ్ళు నవ్వుతారు కదా, ఆ నవ్వే వాడికి బహుమతి.

ఓరుగల్లు_పోరడు
గా నవ్వు సంగతి నేను చెప్త. ఇంటర్ల నేను బండి వీలింగ్ చేస్తుంటి. ఒక్కన్నే ఉన్నప్పుడు ఎన్నడు చెయ్యలే, నిజం, ఎందుకు చేస్త, ఎవడు చూస్తడు. ఇప్పుడైతే ఇంక ఘోరం, పక్కన ఇద్దరు కాదు, ఫోన్ల ఐదొందల మంది కూసున్నట్టే. రీల్ పెడ్తె లైకులు అస్తయి. శ్రీదేవక్కా, ఆ బండి మీద ముగ్గుర్ల ఒకడు వీడియో తీస్తుండెనా లేదా అడుగు.

కృష్ణలంక_శ్రీదేవి
తీశారట. చిన్నది చెప్పింది, అన్నయ్య ఇన్‌స్టాలో పెట్టాడు అని. మాకు కనబడకుండా ఇంకో అకౌంట్ ఉందట. ఇంట్లో అందరికీ తెలిసింది నాకు తప్ప.

అమ్ములు_వాళ్ళమ్మ
అందరూ అబ్బాయిల గురించే రాస్తున్నారు. మా పాప టెన్త్. బండి లేదు, సిగరెట్ లేదు, చూసినవాళ్ళంతా బంగారం అంటారు. క్లాసులో నలుగురు అమ్మాయిలు కలిసి ఇంకో అమ్మాయిని గ్రూపులోంచి తీసేసి, ఆ పిల్ల ఫోటోలకి పేర్లు పెట్టి పంపుకున్నారు, ఆ పిల్ల వారం రోజులు స్కూలుకి రాలేదు. ఆ నలుగురిలో మా పాప ఒకతి. ఎందుకు చేశావే అంటే "చేయకపోతే నన్ను తీసేస్తారమ్మా" అంది. నేనేం సమాధానం చెప్పాలి? మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపులో మేం చేసేదీ దాదాపు అదే అని మా ఆయన అన్నారు, ఆ రోజు ఆయనకి టిఫిన్ లేదు.

నిమ్మకాయ_సోడా
ఆయనకి లేకపోతే లేదుగానీ మాట మాత్రం కరెక్టే చెప్పాడు పాపం.

పెనమలూరు_పద్మ
శ్రీదేవి గారూ ఆ ఇద్దరితో కట్ చేయించేయండి. కాలేజీ మార్చేయండి. నేనైతే అదే చేసేదాన్ని. ఫోన్‌లో లొకేషన్ ట్రాకింగ్ కూడా పెట్టేయండి, మా వాడికి పెట్టా, ఎక్కడున్నాడో నిమిషం నిమిషం తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరడు
పద్మక్కా, మీ వాడు ఎక్కడున్నడో కాదు, ఫోన్ ఎక్కడుందో తెలుస్తుంది. మేం ఫోన్లన్నీ ట్యూషన్ల ఒక దోస్తుగాని బ్యాగుల పెట్టి పోయేటోళ్ళం.

పెనమలూరు_పద్మ
ఇప్పుడు నాకు నిద్ర పట్టదు. థాంక్స్.

సైకాలజీ_స్వాతి
కట్ చేయించడం గురించి. నెదర్లాండ్స్‌లో లోస్ కైజర్స్ బృందం చేసిన స్టడీ 2012లో వచ్చింది, తల్లిదండ్రులు ఫలానా వాళ్ళతో తిరగొద్దని నిషేధించిన చోట పిల్లలు అలాంటి వాళ్ళకి ఇంకా దగ్గరయ్యారు, తప్పుడు పనులూ పెరిగాయి. ఇక నిఘా సంగతి. స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే ఇద్దరు 14 ఏళ్ళ పిల్లల మీద చేసి 2000లో రాశారు. అంతకుముందు అందరూ నమ్మింది ఏంటంటే తల్లిదండ్రులు గట్టిగా కనిపెట్టుకుని ఉంటే పిల్లలు దారిలో ఉంటారని. వీళ్ళు లోతుగా చూస్తే, పిల్లల గురించి తల్లిదండ్రులకి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పిందే, అడిగి గుచ్చి కాపలా కాసి రాబట్టింది కాదు. అలా చెప్పే పిల్లలే తక్కువ తప్పులు చేస్తున్నారు. మరి చెప్పడం ఎప్పుడు ఆపేస్తారు? చెప్పినప్పుడల్లా వీపు పగిలితే ఆపేస్తారు. కాకా గారి భయం వల్ల ఇంట్లో నిశ్శబ్దం వస్తుంది, దాన్ని మనం క్రమశిక్షణ అనుకుంటాం.

కర్నూలు_కాకా
అంటే వాడు బండి తీసుకపోయి ఎవర్నో గుద్దొచ్చి చెప్పినా సరే నాయనా అని తల నిమరాలా? ఆ పుణెలో ఏమైంది మరి?

లా_పాయింట్
కాకా గారు మంచి కేసే ఎత్తారు, కానీ అది ఆయన వాదనకి సాయం చేయదు. 2024 మే 19 తెల్లవారుజామున కల్యాణి నగర్‌లో 17 ఏళ్ళ పిల్లాడు పోర్షే కారుతో బైక్‌ని గుద్దాడు, ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. అంతకుముందు ఫ్రెండ్స్‌తో పబ్బుల్లో పార్టీ చేసుకున్నారు. జువెనైల్ జస్టిస్ బోర్డు మొదట 300 పదాల వ్యాసం రాయమని బెయిల్ ఇస్తే దేశమంతా మండిపడింది. పార్టీ వరకూ ఫ్రెండ్స్ ఖాతాలో రాసుకోండి. కారు ఇచ్చాడన్న కేసులో తండ్రి అరెస్టయ్యాడు, తర్వాత పిల్లాడి రక్తం శాంపిల్ మార్పించారన్న కేసులో తల్లిని కూడా అరెస్టు చేశారు. పోలీసులు చెప్పింది నిజమైతే ఆ ఇంట్లో పిల్లాడికి అందిన పాఠం ఏంటో ఫ్రెండ్స్‌ని అడగక్కర్లేదు.

పానీపూరి_భయ్యా
300 పదాలా, ఈ త్రెడ్‌లో స్వాతి గారు అంతకంటే ఎక్కువే రాశారు, బెయిల్ గ్యారెంటీ.

సైకాలజీ_స్వాతి
😀 కాకా గారూ, తల నిమరమని కాదు. తాళం తీసుకోండి, ఫైన్ వాడి పాకెట్ మనీలోంచి కట్టించండి, నెలరోజులు బస్‌లో పంపండి. శిక్ష ఉండాలి. నిజం చెప్పినందుకు మాత్రం ఉండకూడదు, చేసినదానికి ఉండాలి. ఈ రెండిటికీ తేడా పిల్లలకి బాగా తెలుస్తుంది.

కర్నూలు_కాకా
సరే తాళం తీసుకోవడం వరకు ఒప్పుకుంటా. మిగిలింది మీ స్వీడనోళ్ళు చూసుకుంటారు.

తెనాలి_మాస్టారు
ఇంకొకటి అందరూ మర్చిపోతున్నారు, ఊరు. మా కాలేజీ గేటు ఎదురుగానే పాన్ షాపు. విద్యాసంస్థకి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని, 18 లోపు వాళ్ళకి అసలు అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది. యూనిఫాంలో ఉన్న పిల్లాడికి విడిగా ఒక సిగరెట్ అమ్ముతాడు వాడు. నేను వెళ్ళి అడిగితే "మీ స్టాఫ్ కూడా ఇక్కడే కొంటారు మాస్టారూ" అన్నాడు. అమ్మానాన్నా, స్నేహితులూ అని రెండు పక్షాలే చేసుకుని కొట్టుకుంటున్నాం గానీ ఈ మూడో వాడిని ఎవరూ అడగరు. బండి విషయంలోనూ అంతే, బస్సు సరిగ్గా ఉంటే, ట్యూషన్ రాత్రి తొమ్మిదిన్నర దాకా లేకపోతే సగం మంది తల్లిదండ్రులు తాళాలు ఇవ్వరు.

హాస్టల్_బాధితుడు
ట్యూషన్ టైమింగ్స్ మాట కరెక్ట్ సార్. పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిన్నరకి బయటకి. రోజులో వాడి సొంతం అనుకునేది ఆ దారిలో పది నిమిషాలే, అందులోనే అన్ని వెధవ పనులూ చేసేయాలి.

కృష్ణలంక_శ్రీదేవి
అన్నీ చదివాను. కొన్ని మింగుడు పడలేదు, అయినా సరే. చలాన్ చూశాను లా పాయింట్ గారూ, లైసెన్స్ లేకుండా నడిపినందుకు, ట్రిపుల్ రైడింగ్‌కి, ప్లేటుకి వేశారు, 199ఏ లేదు. మా ఆయన తాళాలు బీరువాలో పెట్టారు. కాలేజీ మార్చే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాం. నిన్న రాత్రి వాడు కొంచెం మాట్లాడాడు. ప్లేటు వంచింది వెనక కూర్చున్న వాడేనట, బండి తెస్తానని గొప్పలు పోయింది మాత్రం తనేనట. ఆ గేర్లు వేయడం రాదన్న పిల్లాడికి నిజంగానే రాదు, కాలవ గట్టు మీద మా వాడు నేర్పిస్తున్నాడట. వాళ్ళ నాన్న చెప్పింది అక్షరాలా నిజం అని నేను ఆయనకి ఫోన్ చేసి చెప్పాలా? చచ్చినా చెప్పను.

నిమ్మకాయ_సోడా
అస్సలు చెప్పొద్దు. స్టేషన్‌లో అరిచినందుకు ఆయనే ముందు ఫోన్ చేయాలి.

తెనాలి_మాస్టారు
ఫోన్ చేయండి, కానీ దానికి కాదు. ముగ్గురి ఇళ్ళల్లోనూ తాళాలు ఒకేలా దాచకపోతే మీ బీరువా వల్ల లాభం లేదు. రేపు రెండోవాడు వాళ్ళ నాన్న బండి తెస్తాడు, మీ వాడు వెనక ఎక్కుతాడు.

ఓరుగల్లు_పోరడు
మాస్టారు కరెక్ట్. మా ముగ్గురి నాయినలు ఎన్నడు ఒకరికొకరు మాట్లాడుకోలే, గదే మాకు పెద్ద అడ్వాంటేజ్ ఉండె.

ఫ్రిస్కో_నాన్న
ఆ ఇద్దర్నీ ఒక ఆదివారం భోజనానికి పిలవండి శ్రీదేవి గారూ. మా అమ్మాయి విషయంలో మేం చేసింది అదే. మేం దయ్యాలనుకున్న పిల్లలు వచ్చి గిన్నెలు కడిగి వెళ్ళారు. ఒకడు మాత్రం నిజంగా దయ్యమే, వాడి సంగతి కూడా అప్పుడే తెలిసింది.

కృష్ణలంక_శ్రీదేవి
పిలవడం వరకు బానే ఉంది, మా అత్తగారికి ఏమని చెప్పను?

నిమ్మకాయ_సోడా
కంబైన్డ్ స్టడీ అని చెప్పండి, మీ వాడు మీకు చెప్పినట్టే.

అమ్ములు_వాళ్ళమ్మ
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఆ అమ్మాయి వాళ్ళమ్మకి నేను ఏమని చెప్పాలి?

సైకాలజీ_స్వాతి
మీ పాప చేసిందే చెప్పండి, మిగతా ముగ్గురి పేర్లు ఎత్తకుండా. పాపని వెంట తీసుకెళ్ళండి, కానీ ముందే ఇంట్లో మాట్లాడుకుని వెళ్ళండి, అక్కడ మీరు తిట్టి చూపించడం వద్దు. ఆ అమ్మాయి ఇంకా స్కూలుకి రాకపోతే ఇంతకంటే ఆలస్యం చేయకండి, వాళ్ళకి 14416 టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. వివరాలు ఇక్కడ రాయొద్దు, నాకు మెసేజ్ పెట్టండి.

అమ్ములు_వాళ్ళమ్మ
పెట్టాను, చూడండి.